బాగ్‌నగర్‌లో ఒక పూట

మా పొదిలి వైపు తోట అంటే పూలమొక్కలు, పచ్చిక, సిమెంటు బల్లలు కావు. మిరపతోట, పొగాకుతోట, బత్తాయితోట. వాన మీద బతికేది చేను, బావి మీద బతికేది తోట. పాత రెవెన్యూ లెక్కల్లోనూ భూమికి మూడు పేర్లు: మాగాణి, మెట్ట, తోట. నిజాం ఏలుబడిలో అదే లెక్కను తరీ, ఖుష్కీ, బాగాత్ అని రాసుకున్నారు. బాగ్ నుంచి పుట్టిందే బాగాత్. అందుకే, హైదరాబాదును ఒకప్పుడు బాగ్‌నగర్ అనేవాళ్లని చెప్పగానే మా బాబాయి ఒక్క క్షణం ఆలోచించి, "అయితే బావులు బాగా ఉన్న ఊరన్నమాట" అన్నాడు.

పాతికేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాను. చుట్టాలు వచ్చినప్పుడల్లా పార్కులు తిప్పి చూపిస్తున్నాను. ఈ మాట మాత్రం నాకెప్పుడూ తట్టలేదు. నలభై ఏళ్లు మిరప పండించినవాడికి తట్టింది.

మనవరాలి కాలేజీ పని మీద వచ్చాడాయన. రాత్రి బస్సుకు తిరుగు ప్రయాణం. పొద్దున ఆరింటి నుంచి మధ్యాహ్నం భోజనాల దాకా ఖాళీ. "చార్మినారు చూశా, గోల్కొండ ఎక్కా. ఇప్పుడు మోకాళ్లు ఒప్పుకోవు. చెట్లున్న చోటికి తీసకపో" అన్నాడు. బాబాయి, మనవరాలు, నేను అద్దెకారులో బయల్దేరాం. కొన్ని దిగి చూశాం, కొన్ని అద్దంలోంచే చూశాం. మేం తిరిగిన వరుస వేరు, ఇక్కడ చెప్పే వరుస వేరు. పొద్దున్నే తెరిచేవి ముందు, పది దగ్గర తెరిచేవి తర్వాత చూశాం. కథ మాత్రం కాలం వరుసలో చెబితేనే అర్థమవుతుంది.

కాలం వరుసలో మొదట వచ్చేది తోట కాదు, చెరువు. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1562లో, హుస్సేన్ షా వలీ చేతుల మీదుగా హుస్సేన్ సాగర్ తయారైంది. ఆయన కొడుకు మహమ్మద్ కులీ చార్మినారు కట్టి కొత్త ఊరికి పునాది వేసింది 1591లో. అంటే ఊరికన్నా చెరువు దాదాపు ముప్ఫై ఏళ్లు పెద్దది. గోల్కొండ కోట ఇరుకైపోయింది, నీళ్లు చాలలేదు, అందుకే మూసీ అవతల కొత్త ఊరు కట్టారని చరిత్రకారులు చెబుతారు. ఆ ఊరికి పథకం గీసిన మంత్రి మీర్ మోమిన్ అస్తరాబాదీ ఇరాన్ నుంచి వచ్చినవాడు. ఎండిన నేల మీద తోట వేయడమెలాగో ఆ దేశంవాళ్లకు బాగా తెలుసు. వాళ్ల చార్‌బాగ్ పద్ధతిలో మధ్య నుంచి కాలువలు తీసి నేలను నాలుగు భాగాలు చేస్తారు. కాలువ లేకపోతే చార్‌బాగ్ లేదు. బాబాయి దీన్ని కూడా ఒక్క మాటలో తేల్చేశాడు: "మడులు కట్టడమేగా!"

బాగ్‌నగర్ పేరు మీద తగువు ఈనాటిది కాదు. పదిహేడో శతాబ్దంలో ఈ ఊరు చూసిన ఫ్రెంచి నగల వర్తకుడు తవెర్నియే, నగర్ అనే రాణి కోసం రాజు వేసిన తోట కాబట్టి ఆ పేరు వచ్చిందని రాశాడు. భాగమతి పేరే భాగ్యనగరమైందని జనం చెప్పుకుంటారు. ఆ కథను ఒప్పుకోని చరిత్రకారుడు హెచ్.కె. షేర్వాణీ, ఇది తోటల ఊరు కనుకే బాగ్‌నగర్ అన్నాడు. ఈ తగువులో నేను తలదూర్చను. తవెర్నియే రాసినదాంట్లో నాకు నచ్చింది వేరే సంగతి. రాజభవనాల మిద్దెల మీద తోటలున్నాయనీ, అక్కడి చెట్లు ఎంత పెద్దవంటే కింది కమానులు ఆ బరువెలా మోస్తున్నాయో తెలియదనీ ఆయన ఆశ్చర్యపోయాడు. ఇవాళ అపార్టుమెంటు మిద్దె మీద నాలుగు కుండీలు పెట్టి టెర్రస్ గార్డెన్ అని ఫోటోలు దించుకునేవాళ్లు ఒకసారి వినాల్సిన మాట ఇది.

ఆ మిద్దెతోటల ఆనవాళ్లు ఇప్పుడు లేవు. కుతుబ్ షాహీల తోట చూడాలంటే చచ్చిపోయిన రాజుల దగ్గరికే వెళ్లాలి. గోల్కొండకు ఉత్తరాన నూరెకరాలు దాటిన ఆవరణలో ఆ వంశం రాజుల సమాధులు, వాటి చుట్టూ ఇబ్రహీం బాగ్. చాలామంది గుమ్మటాలు చూసి, ఫోటో దిగి, వెళ్లిపోతారు. మేం బావి దగ్గర ముప్పావు గంట ఉన్నాం.

బడీ బావ్లీ అంటారు దాన్ని. మెట్ల బావి. వానలకు ఒక పక్క కూలి, పూడిపోయి ఉండేది. 2013లో ఆగా ఖాన్ ట్రస్టు, రాష్ట్ర పురావస్తు శాఖ కలిసి మొత్తం ఆవరణను బాగుచేయడం మొదలుపెట్టాక, రాళ్లు ఏరి, మట్టి తోడి, పాత పద్ధతిలో సున్నంతో మళ్లీ కట్టారు. అక్కడి మెట్ల బావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. పురస్కారం సంగతి బాబాయికి పట్టలేదు. ఒరల వైపు, మెట్ల వైపు, నీటి మట్టం వైపు చూశాడు. మా తాత మోట తోలిన బావి గురించి మొదలుపెట్టాడు: పొద్దున నాలుగింటికి ఎద్దులు కట్టడం, తోలుతొండం నుంచి నీళ్లు కాలవలోకి పడే చప్పుడు, కరెంటు మోటారు వచ్చాక ఆ బావి ఎండడం, దాని పక్కన వేసిన బోరు కూడా ఎండడం. "ఈళ్లు వానను పట్టుకున్నారు అబ్బాయా, మనం భూమిని పీల్చినాం" అన్నాడు. ఆవరణలో పడే వాననీరు ఆ బావుల్లోకి చేరుతుంది, ఆ నీళ్లతోనే చెట్లు బతుకుతాయి. చిన్న లెక్కే. ఆ లెక్క తప్పాకే తోట పాడైంది. పంతొమ్మిదో శతాబ్దంలో నిజాం దివాను మొదటి సాలార్ జంగ్ ఒకసారి ప్రహరీ కట్టించి, తోట వేయించి దీన్ని నిలబెట్టాడు. మళ్లీ పాడైంది, మళ్లీ లేచింది.

నయాకిలా గురించి రెండు మాటలు. 1656లో, అప్పటికి యువరాజుగా ఉన్న ఔరంగజేబు మొదటిసారి దండెత్తి వెళ్లాక, గోల్కొండవాళ్లు కోటను ఇంకాస్త ముందుకు పెంచి కట్టిన భాగమది. లోపల రాజుల తోట ఉండేది. 2014లో పురావస్తు శాఖ తవ్వితే కాలువలు, మట్టిగొట్టాలు బయటపడ్డాయి. ఇప్పుడక్కడ గోల్ఫు ఆడుతున్నారు. ఆ పక్కనే ఆఫ్రికా నుంచి వచ్చిన బవోబాబ్ చెట్టు, నాలుగు వందల ఏళ్లది, మొదలు చుట్టుకొలత 27 మీటర్లు. స్థానికులు హాతియాఁ కా ఝాడ్ అంటారు, ఏనుగుల చెట్టు. ఆ బోదె నిండా నీళ్లు దాచుకునే చెట్టది. కోటకు నీళ్లు దుర్గం చెరువు నుంచి మట్టిగొట్టాల్లో వచ్చేవి. ఆ చెరువు చుట్టూ ఇప్పుడు అద్దాల మేడలు.

1687లో గోల్కొండ మొగలుల చేతికి పోయాక వందేళ్ల పాటు తోటల కథలో చెప్పుకోదగ్గది పెద్దగా లేదు. యుద్ధాలు జరిగే చోట మొక్కకు నీళ్లు పోసేదెవరు? అసఫ్ జాహీ నిజాములు ఔరంగాబాదు నుంచి రాజధానిని ఇక్కడికి తెచ్చాక మళ్లీ గోడలు లేచాయి, గోడల వెనక తోటలు లేచాయి. ప్రతి నవాబుకూ ఒక మేడ, అంటే దేవడీ, దేవడీకొక తోట. 1799 శ్రీరంగపట్నం యుద్ధంలో దక్కిన సొమ్ములో తన వాటాతో నిజాం కొలువులోని మీర్ ఆలం ఒక చెరువు కట్టించాడు. కట్ట ఒకే గోడ కాదు, 21 కమానులను పక్కపక్కన పడుకోబెట్టినట్టుంటుంది. నీటి ఒత్తిడిని కమానులు పంచుకుంటాయి. దాని ఒడ్డునే 1963లో 380 ఎకరాల జంతు ప్రదర్శనశాల వెలిసింది. మీర్ ఆలం రోజుల్లోనే కోఠీలో బ్రిటిష్ రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ తన మేడకూ, తాను పెళ్లాడిన ఖైరున్నిసా ఉండే రంగ్‌మహల్‌కూ తోట వేయించాడు. అందులో తిరిగింది దొరలూ, వాళ్లు పిలిచిన నవాబులూ. 1949 తర్వాత మహిళా కళాశాల అక్కడికి వచ్చాక ఆ చెట్ల కింద ఎక్కడెక్కడి జిల్లాల ఆడపిల్లలో కూర్చుని పరీక్షలకు చదువుకున్నారు. గేటు లోపలికి ఎవరు రావచ్చు అన్నది తోట చరిత్రలో రెండో సగం. మొదటి సగం నీళ్లు.

నవాబుల తోటలు పోయి పేర్లు మిగిలాయి. బషీర్‌బాగ్, జామ్‌బాగ్, కుందన్‌బాగ్, బాగ్ లింగంపల్లి, బాగ్ అంబర్‌పేట. బస్సు బోర్డుల మీద చదువుకోవడానికి తప్ప ఆ పేర్లలో ఆకు లేదు. జామ్‌బాగ్‌లో చాలాకాలం పూల మార్కెట్టు నడిచింది, కనీసం వాసనైనా ఉండేది. అదీ గుడిమల్కాపూర్‌కు తరలిపోయింది. "బషీర్‌బాగ్‌లో తోట ఏదీ?" అని బాబాయి అడిగితే సిగ్నలు దగ్గర డివైడరు మధ్యలో ఉన్న కుండీలు చూపించాను.

ఇక అందరి తోట. 1846లో నిజాం ఏలుబడిలో వేసిన బాగె ఆమ్. ఆమ్ అంటే ఉర్దూలో మామిడిపండు కూడా, పలకడంలో పెద్ద తేడా లేదు. మామిడితోట అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇక్కడి ఆమ్ మాత్రం జనసామాన్యం అన్న అర్థంలో వచ్చింది. తర్వాత పబ్లిక్ గార్డెన్స్ అయింది. ఇంగ్లండులో ప్రజల సొమ్ముతో ప్రజల కోసమే వేసిన తొలి పార్కుగా చెప్పుకునే బిర్కెన్‌హెడ్ 1847లో తెరుచుకుంది. దానికీ దీనికీ పోలిక లేదు. అక్కడ మునిసిపాలిటీ వేసింది, ఇక్కడ రాజు దయతలచి ఇచ్చాడు. అయినా అందరిది అన్న మాట పేరులోకి ఎక్కడం చిన్న విషయం కాదు. ఒకసారి ఎక్కాక ఆ మాట ఊరుకోదు, గేటును నెడుతూనే ఉంటుంది.

మేం అక్కడికి ఆరున్నరకు చేరాం. నడిచేవాళ్లు, పరుగెత్తేవాళ్లు, గుంపుగా నిలబడి పెద్దగా నవ్వేవాళ్లు. ఆ నవ్వు కూడా వ్యాయామమేనని చెబితే బాబాయి నమ్మలేదు. ఆ ఒక్క ఆవరణలో ఎన్ని కట్టడాలో! ఆరో నిజాం నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా 1905లో మొదలుపెట్టి 1913లో ముగించిన టౌన్ హాలు. ఏడో నిజాం రజతోత్సవం జరిగిన జూబిలీ హాలు. షాహీ మసీదు. 1930లో తెరిచిన మ్యూజియం, అందులో ఈజిప్టు మమ్మీ. జూ పార్కు రాకముందు జంతువులూ ఇక్కడే ఉండేవి. ప్రతి తరమూ తోటలో కొంత నేల కోసుకుని మేడ కట్టింది. చెట్టు ఎదురు చెప్పదు కదా.

టౌన్ హాలు 1956 నుంచి ఆంధ్రప్రదేశ్ శాసనసభ అయింది. తర్వాత పక్కనే కొత్త భవనం కట్టారు. అమరావతి వైపు తరలిపోయేదాకా, సుమారు అరవై ఏళ్లు, మా ప్రకాశం జిల్లా ఎమ్మెల్యేలు కూర్చున్నది ఈ తోటలోనే. ఫ్లోరైడు నీళ్ల గురించి ప్రశ్నలు అడిగిందీ ఇక్కడే, హామీలు పుచ్చుకుని ఇంటికి వచ్చిందీ ఇక్కడి నుంచే. రోడ్డుకు ఆ పక్క గన్ పార్కు. 1969 తెలంగాణ ఉద్యమంలో ప్రాణాలు పోయినవాళ్ల కోసం ఎక్కా యాదగిరిరావు చెక్కిన స్తూపం అక్కడుంది. చిన్న పార్కే, చరిత్రలో దాని చోటు పెద్దది.

మూసీ ఒడ్డున బాబాయి కారు దిగి చాలాసేపు నిలబడిపోయాడు. 1908 సెప్టెంబరు 28న మూసీ ముంచెత్తింది. పదిహేను వేల మంది పోయారని అంచనా. అఫ్జల్ పార్కులో ఒక చింతచెట్టు ఉండేది. దాని కొమ్మల మీదికెక్కి నూటయాభై మంది బతికారు. తర్వాత ఆ నేల మీదే ఉస్మానియా ఆస్పత్రి కట్టారు. చెట్టు మాత్రం ఆవరణలో ఇంకా ఉంది. రోగుల బంధువులు దాని నీడలో టిఫిను క్యారేజీలు విప్పుకుంటారు. హైదరాబాదు తోటలన్నిటిలో ఒక్కటే చూడమంటే నేను ఈ ఒక్క చెట్టునే చూపిస్తాను. రాజులు వేసిన చార్‌బాగ్‌లు, మంత్రులు రిబ్బను కత్తిరించిన పార్కులు ఎన్నయినా ఉండనీ, నూటయాభై ప్రాణాలు నిలిపింది ఇదే.

వరద తర్వాత 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. పైన చెరువులు కట్టి నదిని అదుపులో పెట్టమన్నాడు. ఉస్మాన్ సాగర్ 1920కి, హిమాయత్ సాగర్ 1927కి పూర్తయ్యాయి. వరద ముప్పూ తగ్గింది, తాగునీరూ దొరికింది. నది రెండు ఒడ్లనూ తోటలుగా, నడిచే దారులుగా మార్చమని కూడా ఆయన సలహా ఇచ్చాడు. 1912లో ఏర్పాటైన నగరాభివృద్ధి మండలి కొంత పని చేసింది. కానీ జలాశయాలు నిలబడినంత గట్టిగా ఒడ్డు తోటలు నిలబడలేదు. వందేళ్లు దాటాయి, ఇప్పటికీ మూసీ ఒడ్డు సుందరీకరణ అని ప్రభుత్వం మీద ప్రభుత్వం పథకం ప్రకటిస్తూనే ఉంది. నిలబడింది నీటి పని. నిలబడనిది అలంకారం.

స్వతంత్రం వచ్చాక పార్కులకు నాయకుల పేర్లు వచ్చాయి. హుస్సేన్ సాగర్ ఒడ్డున సంజీవయ్య పార్కు. దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య సమాధి అక్కడుంది. పార్కులోని పెద్ద జాతీయ జెండా చూడటానికి వెళ్లేవాళ్లలో సమాధి దగ్గర ఆగేవాళ్లు తక్కువ. చెరువు మధ్యలో ఏకశిలా బుద్ధుడు. 1990 మార్చి 10న విగ్రహాన్ని తీసుకెళ్తున్న బల్లకట్టు ఒరిగి, మనుషులు పోయారు, బుద్ధుడు మునిగాడు. 1992 డిసెంబరు 1న మళ్లీ లేపి నిలబెట్టారు. ఎదురుగా లుంబినీ పార్కు. 2007 ఆగస్టు 25 సాయంత్రం అక్కడా, కోఠీలోని గోకుల్ చాట్ దగ్గరా బాంబులు పేలి నలభై మందికి పైగా చనిపోయారు. ఇప్పుడు గేటు దగ్గర సంచులు వెతికి లోపలికి పంపుతారు. బుద్ధుడు అనగానే మాకు మా వైపు చందవరం గుర్తుకొస్తుంది. గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న స్తూపం. దానికి ఇంత జనమూ లేదు, ఇన్ని లైట్లూ లేవు.

ఇందిరా పార్కు దగ్గర బాబాయికి దారి చూపించాల్సిన పని పడలేదు. 1975లో శంకుస్థాపన జరిగి, డెబ్బై ఆరు ఎకరాల్లో వేసిన తోట అది. తెలుగు జిల్లాల్లో మాత్రం ఇందిరా పార్కు అంటే ధర్నా చౌక్. అంగన్‌వాడీలు, పంతుళ్లు, పత్తిరైతులు, ప్రాజెక్టు నిర్వాసితులు అందరూ ఆ గోడ పక్కన టెంటు వేసినవాళ్లే. మా పశ్చిమ ప్రకాశం నుంచి తాగునీళ్ల కోసం వచ్చినప్పుడు బాబాయి కూడా ఒక పగలంతా అక్కడ కూర్చున్నాడట. "లోపల పార్కుందని తెలుసా?" అంటే, "లోపలికెందుకు పోతాం, మాకు పని బయటేగా" అన్నాడు. 2017లో ధర్నాలను ఊరి బయటికి పంపాలని చూశారు. 2018లో హైకోర్టు ఉత్తర్వుతో మళ్లీ అక్కడ గొంతులు లేచాయి. పూలు చూడటానికి వేసిన తోట గోడ పక్కన జనం తమ బాధ చెప్పుకోవడం నా దృష్టిలో ఆ పార్కుకు దక్కిన పెద్ద గౌరవం.

బంజారాహిల్స్‌లో మాజీ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి పేరుతో జాతీయ వనం ఉంది. నిజాం మనవడు ముకర్రంజా చిరాన్ ప్యాలెస్ చుట్టూ మిగిలిన అడవిని 1998లో జాతీయ వనంగా ప్రకటించారు. రాళ్లు, తుప్పలు, నెమళ్లు. మా మెట్టల్లో ఊరి బయట కనిపించే దృశ్యమే. "ఇది చూడటానికి టిక్కెట్టా!" అని బాబాయి. "ఊళ్లో ఇంకెక్కడా లేదు తాతయ్యా, అందుకే" అని మనవరాలు. వనస్థలిపురంలో, మా ఇంటికి దగ్గరగా, నిజాములు వేటాడిన అడవి ఉంది. మహావీరుడి 2500వ నిర్వాణ సందర్భంగా 1975లో దానికి మహావీర్ హరిణ వనస్థలి అని పేరు పెట్టారు. చంపడానికి జింకలను పెంచిన చోట ఇప్పుడు కాపాడటానికి పెంచుతున్నారు. హైవే మీద బస్సులో వెళ్తూ ఆ కంచెను వేలసార్లు చూశాను. లోపలికి వెళ్లింది ఒక్కసారే.

మధ్యాహ్నం భోజనం దగ్గర బాబాయి లెక్క కట్టాడు. సమాధుల తోట కింద బావి. గోల్కొండ తోట వెనక దుర్గం చెరువు. ఊరికన్నా ముందు హుస్సేన్ సాగర్. జూ పక్కన మీర్ ఆలం. వరద తర్వాత ఉస్మాన్ సాగర్. "మరి మన ఊళ్లో?" అని అడిగాడు.

నా చిన్నప్పుడు పొదిలిలో సాయంత్రం పూట పిల్లలు ఆడుకునేది నిర్మమహేశ్వరస్వామి గుడి దగ్గర. తోటకు వెళ్లడమంటే కార్తీకంలో వనభోజనాలకు, ఎవరి బత్తాయితోటలోనో ఉసిరిచెట్టు వెతుక్కుంటూ. ఇప్పుడు ఊరు నగర పంచాయతీ అయింది. పార్కు కావాలన్న మాట తరచూ వినబడుతోంది. మంచిదే. కానీ వేసవిలో తాగే నీళ్లు ట్యాంకరులో వచ్చే ఊరు మాది. బోరు వేస్తే ఫ్లోరైడు. వెలిగొండ సొరంగాలు ఒక్కొక్కటీ దాదాపు పందొమ్మిది కిలోమీటర్లు తవ్వుతూ ఉండగానే ఒక తరం ముసలిదైంది. ఇలాంటి చోట నాలుగు సిమెంటు జింకలు, ఒక ఫౌంటెను, అంచులు కత్తిరించిన విదేశీ మొక్కలు పెట్టి ఇనుప కంచె వేస్తే రెండో ఎండాకాలానికి కంచె ఒక్కటే మిగులుతుంది.

కాబట్టి ఊరి పెద్దలకు ఒక మనవి. కొటేషన్లు పిలిచేముందు చెరువు దగ్గరికి ఒకసారి వెళ్లండి. పూడిక తీయండి, వాన నీళ్లు వచ్చే వాగుదారుల మీది ఆక్రమణలు తొలగించండి, కట్ట వెడల్పు చేయండి. కట్ట మీద వేప, కానుగ, చింత నాటండి. అవి మన నేలకు అలవాటైన చెట్లు, రోజూ నీళ్లడగవు. గేటు పెట్టకండి, టిక్కెట్టు పెట్టకండి. పేరు ఎవరిది పెట్టాలో తర్వాత చూసుకోవచ్చు. పని మొదలుపెట్టే రోజు కబురు చేస్తే, మొదటి గంప మట్టి తానే ఎత్తుతానని బస్సు ఎక్కుతూ బాబాయి నాతో చెప్పి వెళ్లాడు.